ల్యాబ్‌లో సీ అర్చిన్ పెంపకం: గుడ్డు నుంచి పిల్ల దాకా

మైక్రోస్కోప్ కింద ఒక సీ అర్చిన్ (ఒళ్ళంతా ముళ్ళున్న, బంతిలాంటి సముద్ర జీవి) గుడ్డు పెట్టి, పలుచన చేసిన శుక్రకణాల నీళ్ళు ఒక చుక్క వేసి చూడండి. ముందు గుడ్డు చుట్టూ సన్నటి తోకల కదలిక కనిపిస్తుంది. కాసేపటికి గుడ్డుకు ఒక పక్కన పలుచటి పొర పైకి లేస్తుంది, కాగుతున్న పాల మీద మీగడ ఉబ్బినట్టు. ఆ ఉబ్బు మీరు చూస్తుండగానే గుడ్డును చుట్టేసి అవతలి పక్కకు చేరుతుంది. నిమిషం, నిమిషంన్నరలో గుడ్డు గాజు బుడగలో కూర్చున్నట్టు ఉంటుంది. అది ఫలదీకరణ పొర. ఇకపై మరో శుక్రకణం లోపలికి రాలేదు. ఎన్నేళ్ళుగా చూస్తున్నా, ఆ పొర లేచేటప్పుడు నేను కంటిని ఐపీస్ నుంచి తియ్యలేను.

పిండాభివృద్ధి శాస్త్రం చాలావరకు ఈ గుడ్డు మీదే నిలబడింది. ఫలదీకరణలో అండం కేంద్రకం, శుక్రకణం కేంద్రకం కలుస్తాయని 1870ల్లో ఆస్కార్ హెర్ట్‌విగ్ చూసింది దీనిలోనే. 1891లో హాన్స్ డ్రీష్ రెండు కణాల పిండాన్ని కుదిపి విడదీస్తే, ఒక్కో కణం నుంచి ఒక్కో పూర్తి డింభకం (లార్వా) వచ్చింది. కణం విడిపోయిన ప్రతిసారీ మాయమై మళ్ళీ పుట్టుకొచ్చే ప్రోటీన్‌ను 1982లో అమెరికాలోని వుడ్స్ హోల్‌లో టిమ్ హంట్ గుర్తించింది కూడా సీ అర్చిన్ గుడ్లలోనే. సైక్లిన్ అన్న ఆ ప్రోటీన్‌ను కనుగొన్నందుకు ఆయనకు 2001లో నోబెల్ బహుమతిలో వాటా దక్కింది. గుడ్డు పారదర్శకంగా ఉంటుంది, ఒక్క ఆడజీవి లక్షల్లో ఇస్తుంది, ఫలదీకరణ శరీరం బయటే జరుగుతుంది, పిండాలన్నీ ఒకే వేగంతో పెరుగుతాయి. పరిశోధకుడికి ఇంతకంటే ఏం కావాలి?

అయినా మన దగ్గర చాలామంది ఒకటి రెండు సార్లు ప్రయత్నించి, పిండాలు చచ్చిపోయాయని వదిలేస్తారు. నేను చూసినంతలో తప్పు జంతువుది కాదు. కడిగిన గాజు పాత్రలో, గిన్నెకు ఎన్ని పిండాలు వేశామన్న లెక్కలో, పెట్టిన మేతలో ఉంటుంది. అందుకే కింద ఆ మూడింటి దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

ఏ జాతి, ఏ కాలం

ప్రపంచంలో ఎక్కువ ల్యాబుల్లో ఉండేది అమెరికా పసిఫిక్ తీరపు ఊదారంగు అర్చిన్, స్ట్రాంగైలోసెంట్రోటస్ పర్ప్యురేటస్. దాని జీనోమ్ (మొత్తం జన్యుక్రమం) 2006లో వచ్చింది. కానీ అది చల్లనీళ్ళ జీవి, 15 డిగ్రీలు కావాలి. మన ఎండల్లో చిల్లర్ మీద చిల్లర్ పెట్టి దాన్ని పెంచడం కంటే మన సముద్రంలో ఉన్నదాన్ని ఎంచుకోవడం మంచిది. విశాఖ రాతి తీరంలో, బండల గుంతల్లో ఇరుక్కుని కూర్చునే నల్లటి ముళ్ళ అర్చిన్ స్టొమోప్న్యూస్టిస్ వేరియొలారిస్. తూర్పు తీరంలోనే ఇసుక, బురద కలిసిన అడుగుల్లో టెమ్నోప్లూరస్, సాల్మాసిస్ జాతులు వలల్లో పడుతుంటాయి. గుడ్డు స్పష్టంగా కనిపించాలంటే నా ఓటు టెమ్నోప్లూరస్‌కే. అదే ప్రజాతికి చెందిన టెమ్నోప్లూరస్ రీవిసీ ఆరు నెలల్లోపే గుడ్డు పెట్టే వయసుకు వస్తుందని జపాన్ శాస్త్రవేత్తలు దాన్ని జన్యు పరిశోధనకు వాడుతున్నారు.

బీజాలు (గుడ్లు, శుక్రకణాలు) పక్వంగా ఉన్న నెలల్లోనే పని మొదలుపెట్టాలి. ఇది జాతిని బట్టీ, చోటును బట్టీ మారుతుంది. ఎవరి మాటో పట్టుకోకుండా, మొదటి ఏడాది నెలకు రెండు మూడు జంతువులతో గుడ్లు తీసి చూసి క్యాలెండర్ రాసుకోండి. ఆ ఒక్క కాగితం తర్వాతి పదేళ్ళూ పనికొస్తుంది.

సేకరణకు ముందే అనుమతుల సంగతి చూసుకోండి. మీ సంస్థ ద్వారా మత్స్యశాఖకు, అటవీశాఖకు రాసి అడిగి, జవాబు ఫైల్లో పెట్టుకోండి. సముద్రపు దోసకాయలు, పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. అర్చిన్ కోసం వెళ్ళి వాటి మీద చెయ్యి వేయకూడదు.

నీళ్ళు

లవణీయత 33 నుంచి 35 పీపీటీ (వెయ్యి వంతుల నీళ్ళలో ఉప్పు వంతులు), పీహెచ్ 8.0 నుంచి 8.2, ఉష్ణోగ్రత 25 నుంచి 27 డిగ్రీల మధ్య. మన జాతులకు ఇది సరిపోతుంది. రొయ్యల హ్యాచరీలో పనిచేసిన వాళ్ళకు ఈ మాటలు కొత్తేమీ కావు. భీమిలి నుంచి కాకినాడ దాకా ఉన్న హ్యాచరీల్లో రిఫ్రాక్టోమీటర్ (లవణీయత కొలిచే పరికరం) పట్టుకుని తిరిగే టెక్నీషియన్‌కు ఈ పనిలో సగం ముందే వచ్చు. ల్యాబులో చేరే పిల్లలకు నేను ముందు ఒక వారం హ్యాచరీలో ఉండి రమ్మని చెబుతాను.

ఒడ్డు దగ్గరి నీళ్ళను ఏడాది పొడవునా నమ్మకూడదు. వానాకాలం చివర్లో, ఆ తర్వాత నదుల నీళ్ళు వచ్చి బంగాళాఖాతం పైపొర చప్పబడుతుంది. ఆ నెలల్లో రిఫ్రాక్టోమీటర్ 30కి దిగువ చూపించడం మామూలే. పెద్ద జంతువు కొంత ఓర్చుకుంటుంది కానీ పిండం ఓర్చుకోదు. అందుకే ఎండాకాలంలో, సముద్రం తేటగా ఉన్నప్పుడు నీళ్ళు తెచ్చి చీకట్లో, మూతపెట్టిన ఫుడ్ గ్రేడ్ డ్రమ్ముల్లో నిల్వ చేసుకోండి. హ్యాచరీ నుంచి తెస్తుంటే, క్లోరిన్ కలపక ముందు, ఇసుక ఫిల్టర్ దాటిన నీళ్ళే ఇమ్మని అడగండి.

పెద్ద జంతువుల ట్యాంకుకు ఇసుక ఫిల్టర్ నీళ్ళు చాలు. పిండాలకు 0.45 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఫిల్టర్, వీలైతే 0.22 మైక్రాన్లది వాడాలి. వడకట్టాక కొంచెంసేపు గాలి కొట్టి, గది వేడికి వచ్చాక వాడండి.

హైదరాబాద్‌లోనో, సముద్రానికి దూరంగా మరెక్కడో ఉన్నవాళ్ళు కృత్రిమ సముద్రపు నీళ్ళు కలుపుకోవచ్చు. అక్వేరియం సాల్ట్ మిక్స్‌ను ఆర్‌ఓ నీళ్ళలో, లీటరుకు సుమారు 35 గ్రాముల లెక్కన వేసి, ఒక రాత్రంతా గాలి కొట్టి, మర్నాడు లవణీయత చూసి సరిచేయండి. కుళాయి నీళ్ళు వద్దు. క్లోరిన్ ఒకటే కాదు, పైపుల్లోంచి వచ్చే రాగి కూడా పిండాలకు విషం. మీ సిస్టంలో ఎక్కడా ఇత్తడి వాల్వు, రాగి ఫిట్టింగ్ ఉండకూడదు.

గాజు సామాను

ఒక సంగతి చెప్పాలి. ఒకసారి మా దగ్గర ఫలదీకరణ చక్కగా అయింది, నూటికి తొంభై ఎనిమిది గుడ్లకు పొర లేచింది. రెండు కణాలు, నాలుగు కణాలు, అంతా బాగుంది. పొద్దున్నే వచ్చి చూస్తే గిన్నెలన్నిట్లో బూడిద రంగు మడ్డి. ఒక్క గిన్నెలో మాత్రం పిండాలు గిరగిరా తిరుగుతున్నాయి. అన్నిట్లో నీళ్ళు ఒకటే, గుడ్లు ఒకటే. బతికిన గిన్నె నా సొంత అలమరాలోది. మిగతావి ముందురోజు సాయంత్రం కొత్తగా వచ్చిన సహాయకుడు శుభ్రంగా ఉండాలని డిటర్జెంట్ పెట్టి తోమాడు. అతని తప్పు కాదు, చెప్పకపోవడం నాది.

ఆ రోజు నుంచి మా నియమం ఇది. పిండాల గిన్నెలు, బీకర్లు, పిపెట్లు, జల్లెళ్ళు అన్నీ వేరే అలమరాలో, వాటి మీద చెరగని ఆకుపచ్చ గుర్తు. ఆ గుర్తున్న సామానుకు సబ్బు, ఫార్మలిన్, ఆల్కహాల్, ఆసిడ్ జన్మలో తగలకూడదు. వాడిన వెంటనే, మడ్డి ఎండకముందే వేడినీళ్ళతో, మెత్తటి బ్రష్‌తో కడిగి, మూడుసార్లు డిస్టిల్డ్ వాటర్‌తో తొలిచి బోర్లించాలి. సబ్బు తగిలిందని అనుమానం వచ్చిన పాత్ర మామూలు అలమరాకు పోతుంది, మళ్ళీ వెనక్కి రాదు.

కొత్త ప్లాస్టిక్ సామాన్లను వాడే ముందు వారం రోజులు సముద్రపు నీళ్ళలో నానబెట్టి, రోజూ నీళ్ళు మార్చండి. చేతికి క్రీము, శానిటైజర్ రాసుకుని గిన్నెలు ముట్టుకోవద్దు. నమూనాలను ఫార్మలిన్‌లో భద్రపరిచే పని మరో గదిలో, మరో బల్ల మీద జరగాలి. ఒకే సింకులో రెండు పనులూ చేస్తే ఏదో ఒకరోజు దెబ్బ తగులుతుంది.

జంతువులను తేవడం, ఉంచడం

అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఆటు బాగా దిగుతుంది. రాళ్ళ గుంతలు బయటపడేది అప్పుడే. బండకు అతుక్కున్న అర్చిన్‌ను గట్టిగా లాగితే గొట్టపు పాదాలు తెగుతాయి, నోటి చుట్టూ ఉన్న పొర చిరుగుతుంది. చెక్క గరిటె లాంటిది కిందికి పోనిచ్చి ఒక్క కదలికలో లేపాలి. మీరు తాకిన సంగతి దానికి తెలిస్తే బిగుసుకుంటుంది, ఆ తర్వాత వదలదు.

చేతికి దొరికినన్ని తేవద్దు. ఒక ప్రయోగానికి నాలుగు ఆడవి, రెండు మగవి పనిచేస్తే చాలు. బయటి నుంచి చూస్తే ఆడా మగా తేడా తెలియదు కాబట్టి పది పన్నెండు తెస్తే సరిపోతుంది.

రవాణాకు బకెట్ నిండా నీళ్ళు పోయడం చాలామంది చేసే పొరపాటు. ఆ నీళ్ళలో గాలి అయిపోయి, దారిలోనే ఒకటి బీజాలు వదిలి, దాన్ని చూసి మిగతావన్నీ వదిలేస్తాయి. సముద్రపు నీళ్ళలో తడిపిన గుడ్డ, దాని మీద తడి నాచు, మధ్యలో ఒక వరుస జంతువులు, పైన మళ్ళీ తడి గుడ్డ. థర్మాకోల్ పెట్టెలో ఇలా పెడితే కొన్ని గంటలు హాయిగా ఉంటాయి. ఐస్ ప్యాక్ పెడితే దాన్ని కాగితంలో చుట్టి, జంతువులకు నేరుగా తగలకుండా పెట్టండి.

ట్యాంకులో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాలి. అంటే జంతువులను తేవడానికి నెల ముందే ట్యాంకు నడుస్తూ, బయోఫిల్టర్ (అమ్మోనియాను మార్చే బాక్టీరియా ఉండే ఫిల్టర్) కుదురుకుని ఉండాలి. మేతకు బండల మీద దొరికే ఉల్వా, సర్గాసం నాచు. అవి దొరకనప్పుడు ఎండబెట్టి దాచిన నాచును నానబెట్టి వేయవచ్చు. రెండు రోజులకు మించి మిగిలిన మేతను తీసేయండి. ముళ్ళు వాల్చేసినా, రాలుస్తున్నా ఆ జంతువును వెంటనే వేరు చేయండి.

గుడ్లు, శుక్రకణాలు తీయడం

కావాల్సింది 0.5 మోలార్ పొటాషియం క్లోరైడ్ ద్రావణం. 3.73 గ్రాముల పొటాషియం క్లోరైడ్‌ను డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి మొత్తం 100 మి.లీ. చేయండి. సన్నటి సూది ఉన్న ఇన్సులిన్ సిరంజి బాగుంటుంది.

అర్చిన్‌ను తిరగేస్తే మధ్యలో ఐదు తెల్లటి పళ్ళు, వాటి చుట్టూ మెత్తటి పొర కనిపిస్తాయి. పళ్ళను తప్పించి ఆ పొరలోంచి సూదిని పక్కకు వాల్చి లోపలికి దించి, జంతువు పరిమాణాన్ని బట్టి అర మి.లీ. నుంచి ఒక మి.లీ. దాకా, సగం ఒక పక్క, సగం ఎదుటి పక్క ఎక్కించండి. తర్వాత చేతిలో పట్టుకుని మెల్లగా నాలుగైదు సార్లు ఊపండి. ద్రావణం ఐదు బీజకోశాలకూ చేరాలి కదా.

కొద్ది నిమిషాల్లో పైభాగాన ఐదు రంధ్రాల నుంచి ధారలు మొదలవుతాయి. తెల్లగా, చిక్కటి పాలలా వస్తే మగది. పసుపు, నారింజ, లేత రంగుల్లో రవ్వలా వస్తే ఆడది. ఆడదాన్ని వెంటనే, అంచు దాకా వడకట్టిన సముద్రపు నీళ్ళున్న బీకరు మీద తలకిందులుగా కూర్చోబెట్టండి. ఐదు సన్నటి దారాలుగా గుడ్లు నీళ్ళలోకి దిగి అడుగున పరుచుకుంటాయి. పావుగంట చాలు. ఆ తర్వాత వచ్చేవాటిలో మలం, విరిగిన ముళ్ళు కలుస్తాయి.

మగదాన్ని నీళ్ళలో పెట్టకూడదు. ఉపరితలాన్ని టిష్యూతో అద్ది, వచ్చిన శుక్రద్రవాన్ని నీళ్ళు తగలకుండా పిపెట్‌తో చిన్న ట్యూబులోకి తీసి ఐస్ మీద పెట్టండి. దీన్ని డ్రై స్పెర్మ్ అంటారు. చిక్కగా ఉన్నంతసేపు శుక్రకణాలు కదలకుండా శక్తి దాచుకుంటాయి, ఆ రోజంతా పనికొస్తాయి. నీళ్ళలో కలిపిన క్షణం నుంచి ఈదడం మొదలుపెట్టి, అరగంటలోపే సత్తువ కోల్పోతాయి.

ఆడవాటికీ మగవాటికీ వేర్వేరు సిరంజిలు, వేర్వేరు పిపెట్లు. ఒక్క చుక్క పొరపాటున తగిలినా మీకు తెలియకుండానే ఫలదీకరణ మొదలైపోతుంది, ఆ బ్యాచ్‌కు టైమ్ లెక్క ఉండదు. పని అయ్యాక జంతువులను విడి ట్యాంకులో ఉంచండి. అవి ఇంకా కొంతసేపు బీజాలు వదులుతూనే ఉంటాయి.

ఫలదీకరణ

గుడ్లను సుమారు 150 మైక్రాన్ల నైలాన్ మెష్‌లోంచి మెల్లగా పోయండి. చెత్త పైన ఉండిపోతుంది. గుడ్డు వ్యాసం 100 మైక్రాన్లకు అటూ ఇటూ ఉంటుంది కాబట్టి సులువుగా దిగిపోతుంది. గుడ్లు అడుగుకు దిగేదాకా ఆగి, పై నీళ్ళు వంపి, కొత్త నీళ్ళు పోయండి. ఇలా మూడుసార్లు. సెంట్రిఫ్యూజ్ వద్దు, అవి తమంతట తామే దిగుతాయి.

ఒక చుక్క తీసి చూడండి. మంచి గుడ్లు గుండ్రంగా, అన్నీ ఒకే సైజులో, లోపల సమానంగా ఉంటాయి. మధ్యలో పెద్ద తేటటి వలయం కనిపిస్తే అది పక్వం కాని గుడ్డు. అలాంటివి నూటికి పది దాటితే ఆ ఆడజీవి గుడ్లు వాడకండి. నాలుగు ఆడజీవుల గుడ్లను కలపవద్దు, ఒక్కోదాన్ని విడిగా పెంచండి. ఒకదాని గుడ్లు చెడితే మిగతా మూడూ మిగులుతాయి.

10 మైక్రోలీటర్ల డ్రై స్పెర్మ్‌ను 10 మి.లీ. సముద్రపు నీళ్ళలో కలపండి. 100 మి.లీ. గుడ్ల నీళ్ళకు దీనిలోంచి ముందు అర మి.లీ. వేసి మెల్లగా తిప్పండి. రెండు నిమిషాలాగి చూడండి. నూటికి తొంభై ఐదు గుడ్లకు పొర లేస్తే ఆపేయండి, తక్కువైతే మరో అర మి.లీ. ఇంకొంచెం, ఇంకొంచెం అని పోస్తూ పోతే ఒక్కో గుడ్డులోకి రెండు మూడు శుక్రకణాలు దూరతాయి. అలాంటి గుడ్డు మొదటి విదళనంలోనే (కణం విడిపోవడంలోనే) రెండుకు బదులు మూడో నాలుగో ముక్కలవుతుంది, తర్వాత బతకదు. మొదటిసారి చేసేవాళ్ళు దీన్నే విషప్రభావం అనుకుని నీళ్ళను అనుమానిస్తారు.

శుక్రకణాలు వేసిన సమయం నిమిషంతో సహా రాయండి. పది నిమిషాలయ్యాక పై నీళ్ళు వంపి, కొత్త నీళ్ళు పోసి, మిగిలిన శుక్రకణాలను వదిలించుకోండి. రెండుసార్లు కడిగితే చాలు.

మొదటి రెండు రోజులు

వెడల్పాటి, అడుగు చదునుగా ఉన్న గాజు గిన్నెల్లో ఒకటి రెండు సెంటీమీటర్ల లోతు నీళ్ళు ఉంచి పిండాలను పరచండి. అడుగున ఒకే వరుసగా, ఒకదానికొకటి తగలకుండా ఉండాలి. గిన్నె అడుగులో మూడో వంతుకు మించి పిండాలతో నిండకూడదు. ఇంత కష్టపడి తీసిన గుడ్లు పారబోయడానికి మనసు ఒప్పదు, నాకు తెలుసు. అయినా పారబోయాలి. కిక్కిరిసిన గిన్నెలో అడుగున ఆక్సిజన్ అయిపోతుంది, కొన్ని చస్తాయి, బాక్టీరియా పెరుగుతుంది, రాత్రికి రాత్రి మొత్తం పోతుంది.

26 డిగ్రీల దగ్గర మన జాతుల్లో సుమారుగా ఇలా నడుస్తుంది: గంటకు కాస్త అటూ ఇటూగా మొదటి విదళనం, ఆపైన అరగంటకో పావుగంట ఎక్కువకో ఒకటి. నాలుగో విదళనంలో ఒక కొసన నాలుగు చిట్టి కణాలు విడిపడతాయి. వాటిని మైక్రోమియర్లు అంటారు, అస్థిపంజరం కట్టేది వీటి సంతతే. ఏడెనిమిది గంటలకు పిండం ఒక ఎంజైమ్‌తో ఫలదీకరణ పొరను కరిగించి బయటికి వచ్చి ఈదుతుంది. మర్నాటికి గాస్ట్రులా (లోపల పేగు ఏర్పడే దశ), ఒకటిన్నర రెండు రోజులకు నాలుగు చేతుల ప్లూటియస్ డింభకం. ఈ గంటలు మీ జాతిలో, మీ గది వేడిలో మారతాయి. ఒక రాత్రి మేలుకుని మీ సొంత పట్టిక తయారు చేసుకోండి.

గది వేడి విషయంలో ఒక చిక్కు. పగలు ఏసీ వేసి, సాయంత్రం వెళ్ళేటప్పుడు ఆపేసే ల్యాబుల్లో రాత్రి నాలుగైదు డిగ్రీలు పెరుగుతుంది. పొద్దున పిండాలు అనుకున్న దశ దాటిపోతాయి, కొన్ని వంకరపోతాయి. ఇన్‌క్యుబేటర్ లేకపోతే గిన్నెలను పెద్ద నీళ్ళ ట్రేలో పెట్టండి. అంత నీళ్ళకు వేడెక్కడానికి సమయం పడుతుంది, మార్పు మెల్లగా వస్తుంది.

పొర విడిచి ఈదడం మొదలైన పిండాలు పైకి చేరతాయి. చచ్చినవి, బలహీనమైనవి అడుగున ఉంటాయి. అప్పుడు పై నీళ్ళను మెల్లగా శుభ్రమైన గిన్నెలోకి వంచి, అడుగు మడ్డి పారేయండి. దీనికి ఐదు నిమిషాలు కూడా పట్టదు. మొత్తం పెంపకంలో ఒకే ఒక్క పని గుర్తుపెట్టుకోమంటే నేను ఇదే చెబుతాను. యాంటీబయాటిక్స్ వేయడం కంటే ఇది ఎన్నో రెట్లు మేలు. ఆ మందులు నేను తప్పనిసరైతేనే వాడతాను, మురికిని అవి కడగలేవు.

నమూనాలు భద్రపరచాలంటే పారాఫార్మాల్డిహైడ్ 4 శాతం, సముద్రపు నీళ్ళలో కలిపినది. పాత ఫార్మలిన్ ఆమ్లంగా మారి ఉంటుంది. ప్లూటియస్ చేతుల్లోని ముళ్ళు కాల్సైట్‌వి కాబట్టి అందులో కరిగిపోతాయి, మర్నాడు మీకు చేతులు ముడుచుకున్న సంచి మిగులుతుంది. అస్థిపంజరం కావాలంటే బఫర్ చేసిన ద్రావణమే వాడండి.

ఆల్గే

డింభకాలకు మేత ఆల్గే, అంటే కంటికి కనిపించని నాచు కణాలు. గుడ్లు తీసే రోజుకు రెండు వారాల ముందే వాటి పెంపకం మొదలుపెట్టాలి. కీటోసెరాస్, ఐసోక్రైసిస్, డునాలియెల్లా, రోడోమోనాస్‌లలో ఏవైనా రెండు. కీటోసెరాస్ హ్యాచరీల్లో రోజూ పెంచేదే, మొదటి స్టార్టర్ అక్కడే అడిగి తెచ్చుకోవచ్చు. కానీ హ్యాచరీ కల్చర్‌లో వేరే జీవులు కూడా ఉండొచ్చు. శుభ్రం చేసి, చిన్న ఫ్లాస్కులో నుంచి మళ్ళీ పెంచుకోండి. ఎఫ్/2 మీడియం (ఆల్గేకు కావాల్సిన పోషకాల ద్రావణం), ఆటోక్లేవ్ చేసిన (ఆవిరి ఒత్తిడితో సూక్ష్మజీవులను చంపిన) సముద్రపు నీళ్ళు, ట్యూబ్‌లైట్ వెలుతురు, మెల్లగా గాలి ఉంటే చాలు. కీటోసెరాస్ డయాటమ్ (సిలికా గోడ ఉన్న ఆల్గే) కాబట్టి దానికి సిలికేట్ కలపడం మరవద్దు.

పెరిగి పెరిగి గోధుమ రంగు ముదిరి, గడ్డకట్టిన ముసలి కల్చర్‌ను మేతగా వేయకూడదు. లేత రంగులో, జోరుగా పెరుగుతున్నదే వేయాలి. వేసే ముందు తక్కువ వేగంతో సెంట్రిఫ్యూజ్ చేసి, మీడియం వంపేసి, అడుగున మిగిలిన కణాలను శుభ్రమైన సముద్రపు నీళ్ళలో కలపండి.

డింభకాల పెంపకం

నోరు తెరుచుకున్నాక, అంటే సుమారు రెండో రోజు చివర నుంచి మేత మొదలు. ఒక మి.లీ.కి ఒక డింభకం కంటే ఎక్కువ వద్దు. పెద్దవవుతున్నకొద్దీ రెండు మి.లీ.కి ఒకటి చేయండి. రెండు లీటర్ల జాడీలో రెండు వేలు. లక్షల గుడ్లతో మొదలుపెట్టి రెండు వేల దగ్గరకు రావడం చాలామందికి నచ్చదు. కానీ రెండు వేలలో చాలావరకు చివరిదాకా వస్తాయి, లక్షలో ఒక్కటీ రాదు.

మేత లెక్క ఇలా వేయండి. మొదట్లో మి.లీ.కి 5,000 ఆల్గే కణాలు చాలు. హీమోసైటోమీటర్‌లో (కణాలు లెక్కపెట్టే గడుల గాజు పలకలో) ఒక పెద్ద గడిలో సగటున 100 కణాలు కనిపిస్తే, దాన్ని 10,000తో హెచ్చిస్తే మి.లీ.కి 10 లక్షలు. రెండు లీటర్ల జాడీకి కావాల్సింది 2,000 మి.లీ. ఇంటూ 5,000, అంటే కోటి కణాలు. కాబట్టి 10 మి.లీ. ఆల్గే. ఆరు చేతులు, ఎనిమిది చేతులు వచ్చేసరికి దీన్ని మెల్లగా రెండు మూడింతలు చేయవచ్చు.

ఈ లెక్క మొదలు మాత్రమే, అసలు తీర్పు డింభకం పొట్టది. మైక్రోస్కోప్ కింద పొట్ట ఆల్గే రంగులో, గుండ్రంగా, లోపల తిరుగుతున్న కణాలతో కనిపిస్తే బాగా తింటోంది. పొట్ట చిన్నదిగా, తేటగా ఉండి, చేతులు మాత్రం పొడుగ్గా సాగితే ఆకలితో ఉందని అర్థం. మేత దొరకనప్పుడు ఎక్కువ నీళ్ళు జల్లెడ పట్టడానికి అది చేతులు పొడుగ్గా పెంచుకుంటుంది. పొడవు చేతులు చూసి బాగా ఎదిగాయని నేనూ మొదట్లో మురిసిపోయాను. జాడీ అడుగున గోధుమ రంగు తుక్కు పేరుకుంటే మేత ఎక్కువైంది. అనుమానం వచ్చినప్పుడు తక్కువ వేయడమే మంచిది. ఒకరోజు పస్తు తట్టుకుంటాయి, కుళ్ళిన నీళ్ళు తట్టుకోలేవు.

డింభకాలు అడుగుకు చేరకుండా నీళ్ళు ఎప్పుడూ మెల్లగా కదలాలి. జాడీలో పలుచటి యాక్రిలిక్ తెడ్డును చిన్న గేర్ మోటారుతో నిమిషానికి పదిసార్లు ఇటూ అటూ ఊపే ఏర్పాటు అన్నిటికంటే మంచిది. మోటారు, యాక్రిలిక్ ముక్కలు తెచ్చి ఒక మధ్యాహ్నంలో అమర్చుకోవచ్చు. అది కుదరకపోతే సన్నటి గొట్టంతో క్షణానికి ఒక పెద్ద బుడగ వచ్చేలా గాలి వదలండి. ఎయిర్ స్టోన్ వద్దు. దాని సన్నటి బుడగలు డింభకాల చేతులకు అతుక్కుని వాటిని పైకి లాక్కెళ్ళి అక్కడే ఎండబెడతాయి.

రెండు మూడు రోజులకోసారి నీళ్ళు మార్చాలి. జల్లెడలో పోసి పట్టడం కాదు, డింభకాల చేతులు విరుగుతాయి. పీవీసీ పైపు ముక్కకు ఒక పక్క 60 నుంచి 80 మైక్రాన్ల మెష్ అంటించి, దాన్ని జాడీలోకి దించండి. పైపు లోపలికి వచ్చిన నీళ్ళను సన్నటి గొట్టంతో సైఫన్ చేసి తీయండి. డింభకాలు మెష్ బయటే, నీళ్ళలోనే ఉంటాయి. జాడీకీ, నీళ్ళు పడే బకెట్‌కీ మధ్య ఎత్తు తేడా తక్కువ ఉంచితే నీళ్ళు నింపాదిగా పోతాయి, మెష్‌కు అవి అతుక్కోవు. మూడొంతులు నీళ్ళు తీసి, అదే వేడి ఉన్న కొత్త నీళ్ళు పక్క గోడ మీదుగా పోయండి. వారానికోసారి డింభకాలను పూర్తిగా కొత్త జాడీలోకి మార్చండి.

కరెంటు సంగతి మరవకండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను తాకాక నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు. తుఫాను హెచ్చరిక వినగానే డింభకాల సంఖ్య సగానికి తగ్గించి, మేత ఆపి, బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపులు సిద్ధం చేసుకోండి. వీలైతే రెండు జాడీలు వేరే భవనంలో ఉంచండి.

పిల్లలుగా మారే రోజు

రెండు మూడు వారాల తర్వాత, కొన్ని జాతుల్లో ఇంకా ఆలస్యంగా, డింభకం పొట్టకు ఎడమ పక్కన చిన్న ముద్ద కనిపిస్తుంది. అది రోజురోజుకూ పెరిగి పొట్టంత అవుతుంది. లోపల గొట్టపు పాదాలు మెదులుతుంటాయి. ప్లూటియస్ లోపల కాబోయే అర్చిన్ అప్పటికే తయారై, బయటికి రావడానికి చోటు వెతుకుతుంది. ఈ దశలో అవి బరువెక్కి అడుగుకు దగ్గరగా తిరుగుతాయి.

వాటికి చోటు మీరే సిద్ధం చేయాలి. రెండు మూడు వారాల ముందు నుంచే పెట్రీ డిష్‌లను, ప్లాస్టిక్ పలకలను పెద్ద అర్చిన్లున్న ట్యాంకులో వెలుతురు తగిలేచోట వేలాడదీయండి. వాటి మీద వేలికి జారుగా తగిలే పలుచటి గోధుమ పొర కడుతుంది. బాక్టీరియా, నేల డయాటమ్‌లు కలిసిన ఆ పొర లేకపోతే చాలా డింభకాలు మారవు. పలకలను వడకట్టిన నీళ్ళలో మెల్లగా తొలిచి, డింభకాల గిన్నెలో పెట్టి, కదపకుండా వదిలేయండి.

మారడం మొదలైతే గంట, అటూ ఇటూ. పాదాలు బయటికి చాచి పలకను పట్టుకుంటుంది, చేతుల మీది కణజాలం ముడుచుకుపోతుంది, పాత ముళ్ళు ఊడి పడతాయి. అర మిల్లీమీటరు అర్చిన్ నిలబడి, తన ముళ్ళు తాను కదుపుతుంది. మా ల్యాబ్‌లో ఇది జరుగుతుంటే పక్క గదుల్లోంచి కూడా అందరినీ పిలుస్తాను.

తర్వాతి వారం రోజుల్లో చాలామంది కంగారు పడతారు. పిల్లలు ఏమీ తినవు. నోరు, పళ్ళు ఇంకా లోపల తయారవుతుంటాయి, అప్పటిదాకా డింభకంగా ఉన్నప్పుడు దాచుకున్నదాంతోనే బతుకుతాయి. నోరు తెరిచాక నావిక్యులా, నిట్‌షియా లాంటి నేల డయాటమ్‌లు పెరిగిన పలకల మీదికి మార్చండి. పిల్ల మేసిన చోట గోధుమ పొర మీద సన్నటి తేట దారి కనిపిస్తుంది. ఆ దారులు కనిపిస్తే టెన్షన్ తీరినట్టే. పలక మొత్తం తేటగా అయ్యేలోపు కొత్త పలక పక్కన ఆనించండి, అవే నడుచుకుంటూ వెళ్తాయి. బ్రష్‌తో గీకి తీయవద్దు.

మూడు నాలుగు మిల్లీమీటర్లు వచ్చాక లేత ఉల్వా ముక్కలు వేయవచ్చు. ల్యాబులో పుట్టినవాటిని తిరిగి సముద్రంలో వదలకండి. మిగిలిన కల్చర్లను బ్లీచింగ్ ద్రావణంలో ఒక రాత్రి ఉంచి పారబోయండి. ప్రతి ట్యాంకు మీద తల్లి నంబరు, తండ్రి నంబరు, శుక్రకణాలు వేసిన తేదీ, గంట, నిమిషం రాసిన చీటీ అంటించండి. కొన్ని నెలల తర్వాత ఆ పిల్లకే సూది వేసి, ఐదు రంధ్రాల నుంచి ధార వచ్చేదాకా ఆ చీటీ ఊడకుండా పైన సెల్లోటేప్ వేయండి.